అది సరేగానీ, కుక్క తినిందా?

ప్రేమయ్యకు ఎవరు ఎదురుపడినా మొదట వాళ్ళ కుక్క క్షేమం అడగాలి. మనుషుల సంగతి ఆ తర్వాత. తర్వాత కూడా మరిచిపోతే అదీ లేదు. పొరుగూరి చుట్టం గడప ముందు కాళ్ళు కడుక్కుంటుంటే, చెంబు ఇంకా అతని చేతిలో ఉండగానే, "అది సరేగానీ, కుక్క తినిందా?" అనేవాడు. చుట్టం నోరే తెరవలేదు కదా, ఈ ‘అది సరేగానీ’ ఎక్కడి నుంచి వచ్చిందని పెళ్ళైన కొత్తలో కృపమణి ఆశ్చర్యపోయేది. పోనుపోను అర్థమైంది. లోకంలో మనుషులు చెప్పుకునే మంచీ చెడ్డా అంతా ఆమె భర్తకు ‘అది సరే’లోకే వస్తుంది. అసలు సంగతి ఆ తర్వాతే మొదలవుతుంది.

ప్రేమయ్య పోయి రెండు వానాకాలాలు దాటాయి. ఇప్పటికీ వీధిలో ఎవరైనా "అది సరేగానీ" అన్నారంటే కృపమణి చేటలో చెయ్యి ఆపి తల తిప్పుతుంది. మాట్లాడేది ఇంకెవరో, విషయం ఇంకేదో. తనలో తనే నవ్వుకుని మళ్ళీ బియ్యంలో రాళ్ళు ఏరుకుంటుంది.

కోయిలకుంట్ల దాటి, శెనగచేలు అయిపోయి గడ్డి మొదలయ్యే చోట వాళ్ళ ఊరు. ఊరి అవతల అటవీశాఖ వాళ్ళ గడ్డిమైదానం. అందులో జింకలు, గుంటనక్కలు, అప్పుడప్పుడూ తోడేళ్ళు. బట్టమేక పిట్ట కూడా తిరిగేదని పెద్దవాళ్ళు చెబుతారు. ప్రేమయ్య ఆ మైదానానికి వాచరు. ఖాకీ చొక్కా, మెడలో దుర్భిణి, చేతిలో కర్ర. జీతం ఇచ్చేది జింకలను కాయమని. ఆయన కాసింది మాత్రం ఊరి కుక్కలను.

"ఏమయ్యా, నీ డ్యూటీ గడ్డిలోనా, గడపల్లోనా?" అని కృపమణి అడిగితే జవాబు సిద్ధంగా ఉండేది.

"ఊర్లో కుక్కకు బువ్వ లేకుంటే యాడికి పోతాది? గడ్డిలోకి పోతాది. జింకపిల్లను పడతాది. కుక్కకు రోగమొస్తే పోయి ఆడి తొట్టిలోనే నీళ్ళు తాగుతాది. అవే నీళ్ళు గుంటనక్క తాగుతాది. ఈడ కుక్క దగ్గితే ఆడ నక్క సస్తాది మేయ్!"

ఈ మాట ఉత్తదేమీ కాదు. ఒక ఎండాకాలం నీళ్ళతొట్టి చుట్టూ గుంటనక్కలు వరసగా చచ్చి పడ్డాయి. పశువుల డాక్టరమ్మ శిరీన్ వచ్చి చూసి, ఇది ఊరి కుక్కల నుంచి అంటుకున్న జబ్బేనని తేల్చింది. ఆ చచ్చిన నక్కలను గుంట తీసి పూడ్చింది ప్రేమయ్యే. అప్పటి నుంచి చుట్టుపక్కల ఊళ్ళలో సూది పడని కుక్క ఉందంటే ఆయనకు ముద్ద దిగేది కాదు.

విచిత్రమేమిటంటే, ప్రేమయ్య ఇంట్లో కుక్క లేదు. "వాచరు ఒంటిమీద కుక్క వాసన ఉంటే జింక దగ్గరికి రానీదు" అనేవాడు. ఇంట్లో ఒక కుక్కను పెంచుకుని, దానితో సరిపెట్టుకునే మొగుడైతే కృపమణి ఓర్చుకునేది. ఈయన ఏదీ పెంచకుండా అన్నిటికీ తండ్రి అయ్యాడు.

ఊళ్ళో మనుషుల పేర్లు ఆయనకు నోటికి వచ్చేవి కావు. కుక్కల పేర్లు తప్పేవి కావు. టీ హోటలు వీరభద్రకు ఇద్దరు కొడుకులున్నారు. ఒకడు పోలీసు కూడా. అయినా ప్రేమయ్య నోట అతను ‘టైగర్ వాళ్ళ నాయనే’.

"ఏం టైగర్ వాళ్ళ నాయనా, ఒక టీ పొయ్యి."

"అన్నా, నా కొడుకు పోలీసన్నా. వాని పేరుతో పిలువరాదా?"

"వానికి సూది ఏయించినావా?"

"వానికేం సూదన్నా!"

"చూస్తివా? టైగర్‌కు ఏయించినాం. ఎవరు పద్ధతైనోడు?"

హోటల్లో కూర్చున్నవాళ్ళంతా గ్లాసులు కింద పెట్టి నవ్వేవాళ్ళు. వీరభద్ర తిట్టుకుంటూ టీలో ఇంకో చెంచా చక్కెర వేసేవాడు.

ఆదివారం చర్చిలో కృపమణికి ఇంకో పరీక్ష. ప్రార్థన అవసరతలు ఉన్నవాళ్ళు లేచి చెప్పండి అని జోసెఫ్ పాస్టరుగారు అనడం ఆలస్యం, మగవాళ్ళ వరసలో ప్రేమయ్య లేచి నిలబడేవాడు. ఒకరు మోకాళ్ళ నొప్పి చెప్పుకుని ఉంటారు. ఇంకొకరు కూతురి పరీక్షలు చెప్పుకుని ఉంటారు. ప్రేమయ్య గొంతు సవరించుకుని, "మన పాలకేంద్రం దగ్గర రాజాకు మూడు పూటల నుంచి వాంతులు అయ్యగారూ" అనేవాడు.

"రాజా అంటే..." అని పాస్టరుగారు జాగ్రత్తగా అడిగేవారు.

"నల్లది అయ్యగారూ. చెవి తెగింది."

ఆడవాళ్ళ వరసలో కొంగులు నోళ్ళకు అడ్డం వచ్చేవి. కృపమణి పాటల పుస్తకంలో తల దూర్చేది. పాస్టరుగారు మంచివారు. కళ్ళు మూసుకుని, "ప్రభువా, నీ సృష్టిలోని సమస్త ప్రాణులనూ..." అని అందరినీ కలిపి గట్టెక్కించేవారు. ప్రార్థన అయ్యాక ప్రేమయ్య ఆయన దగ్గరికి వెళ్ళి, పేరు పెట్టి చేసుంటే ఇంకా బాగుండేదని చెప్పి వచ్చేవాడు.

సూదుల రోజు చూడాలి ఆయన అవస్థ. బడి ముందర డాక్టరమ్మ శిరీన్ బల్ల వేసుకుని కూర్చునేది. ప్రేమయ్య ఒక్కో కుక్కనూ చంటిబిడ్డను ఎత్తినట్టు ఎత్తుకొచ్చి ఒళ్ళో పెట్టుకునేవాడు. సూది కుక్క మెడలో దిగేది. "అమ్మా!" అని కేక ప్రేమయ్య నోట్లోంచి వచ్చేది. కుక్క తల తిప్పి, ఈ మనిషికి ఏమైందని చూసేది.

"ప్రేమయ్యా, నేను సూది పొడిచింది కుక్కకా, నీకా?" అనేది డాక్టరమ్మ.

"పాపం అది చెప్పుకోలేదు కదమ్మా. నేను చెప్తాండా."

కూతురు మహిమ పెళ్ళి కూడా కుక్క మూలాన ఆగినంత పనైంది. రాయచోటి నుంచి సంబంధం. జీపు నిండా మనుషులు దిగారు. కృపమణి కొత్త చీర కట్టుకుని, పూరీలు వత్తి, మొగుణ్ణి పక్కకు పిలిచి, "ఈ పొద్దు ఒక్క దినం నోరు కట్టుకో, నీ కాళ్ళు మొక్కుతా" అని చెప్పింది. ప్రేమయ్య సరేనన్నాడు. పూరీలు తిన్నంతసేపూ నోరు మెదపలేదు. చేతులు కడుక్కున్నాక పెళ్ళికొడుకు తండ్రి మీసం తుడుచుకుని, "మీరేమన్నా అడగాలంటే అడగండి బావా" అన్నాడు. అడగమన్నాక ఇక ఆయన తప్పేముంది?

"మీ ఇంట్లో కుక్క ఉండాదా?"

"ఉండాది. జిమ్మి."

"సూది ఏయించినారా?"

"...లేదు."

"అట్లయితే ఏయించి రాండి. అప్పుడు మాట్లాడుకుందాం."

జీపు తిరిగి వెళ్ళిపోయింది. కృపమణి ఆ సాయంత్రం మొగుడి ముందు కంచం విసిరినట్టు పెట్టింది. అయితే పెళ్ళికొడుకు ఏసుకుమార్ గట్టివాడు. మరుసటి రోజే జిమ్మిని మోటారుసైకిల్ మీద కూర్చోబెట్టుకుని కడప పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళి, సూది వేయించి, పక్కన నిలబడి ఫోటో దిగి పంపాడు. ప్రేమయ్య ఆ ఫోటోను తేరిపార చూసి, "మంచి కండ్లు" అన్నాడు. పెళ్ళికొడుకును గురించో జిమ్మిని గురించో అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది. పెళ్ళి జరిగిపోయింది.

వీరభద్ర తండ్రి పోయినప్పుడు మాత్రం కృపమణి నిజంగా సిగ్గుతో చచ్చిపోయింది. ఇంటి నిండా ఏడుపులు. ప్రేమయ్య వెళ్ళి, తలపాగా తీసి, వీరభద్ర చెయ్యి పట్టుకుని పక్కన కూర్చున్నాడు. ఓదార్పు మాట చెబుతాడని అందరూ చెవి ఒగ్గారు. "అది సరేగానీ, కుక్క తినిందా?" అన్నాడు. ఏడుస్తున్న ఆడవాళ్ళు ఏడుపు మధ్యలో ఆపేశారు. వీరభద్ర ఎర్రబడ్డ కళ్ళతో చూసి, కొట్టబోయి, ఎందుకో ఆగి, "నిన్నటి నుంచి దాన్ని ఎవరూ చూడలేదన్నా" అన్నాడు.

కాసేపటికి ప్రేమయ్య రెండు చేతులతో బకెట్టు మోసుకుంటూ వచ్చాడు. దాని నిండా అన్నం, పప్పు.

"అన్నా, టైగర్ ఒక్కటే కదన్నా!"

"అది తినంగా మిగిలింది పారేయొద్దండి."

టైగర్ ఎంత తింటుంది? ఆ ఇంట్లో చంటిపిల్లల దగ్గర నుంచి ముసలమ్మల దాకా ఆ పూట ఆ బకెట్టులోదే తిన్నారు. మంచో చెడ్డో, కుక్కల పిచ్చి వల్ల ఇంత ఉపకారం జరిగిందిలే అనుకుంది కృపమణి. అంతకుమించి ఆలోచించలేదు.

ఊరి చివర, మైదానం కంచె పక్కన, సుంకులమ్మ ఇల్లు. గొర్రెలు కాసిన మనిషి. గొర్రెలు పోయాయి, మొగుడూ పోయాడు, చివరికి మోతి అనే కుక్క మిగిలింది. సుంకులమ్మకు ఎవరైనా పండగకు గిన్నెలో ఓళిగలు పెట్టిస్తే ఆ గిన్నె ఉత్తదిగా తిరిగి వచ్చేది కాదు. నాలుగు పచ్చిమిరపకాయలో, గుప్పెడు అలసందలో వేసి పంపేది. తిరిగి పెట్టేందుకు ఏమీ లేని రోజు గిన్నెనే ముట్టుకునేది కాదు. ఆలూరులో ఉన్న మేనల్లుడు, "నువ్వు వండుకోలేని దినం వచ్చిందని తెలిస్తే నేనొచ్చి తీసకపోతా అత్తా. కుక్కను మాత్రం ఈడే ఇడ్సిపెట్టల్ల" అని ఎప్పుడో చెప్పి ఉంచాడు. ఆ మాట ఊరంతా విన్నదే.

ఒకరోజు ప్రేమయ్య ఆ ఇంటి వైపు నుంచి వచ్చి, "మేయ్ కృపా, రేపట్నుంచి ఒక ముద్ద సంగటి ఎక్కువ కెలుకు. సుంకులవ్వ మోతికి" అన్నాడు.

కృపమణి కెలికింది. కుక్కకే కదా అని ఉప్పు వేయలేదు.

"ఉప్పు ఎయ్యలేదంటనే" అన్నాడు మరునాడు.

"ఎవరు, మోతి చెప్పిందా?"

"ముఖం చూస్తే తెలీదా? అట్లనే కొంచెం ఊరుబిండి కూడా పెట్టు."

"కుక్కకు ఊరుబిండా! నీకేమన్నా పిచ్చా?"

"ఆ కుక్కకు అలవాటు."

శెనక్కాయలు, పచ్చిమిరపకాయలు వేసి నూరిన ఊరుబిండి పెట్టింది. దాని మరునాడు, "కారం తగ్గించు, కడుపులో మంటంట" అన్నాడు. కృపమణి నడుం మీద చేతులు పెట్టుకుని మొగుణ్ణి పైకీ కిందికీ చూసింది. పెళ్ళై ఇన్నేళ్ళలో తన వంటకు ఈయన ఒక్క వంకా పెట్టలేదు. ఇప్పుడు కుక్క పెడుతోంది. పైగా గిన్నె తిరిగి వచ్చినప్పుడు అందులో గుప్పెడు రేగుపళ్ళు ఉన్నాయి.

"ఇవి ఎవరు పంపినారు?"

"మోతి."

"కుక్క రేగుపండ్లు పంపిందా?"

"మర్యాద తెలిసిన కుక్క" అన్నాడు ప్రేమయ్య, ఒక పండు నోట్లో వేసుకుంటూ.

చలి ముదిరాక మహిమకు రాయచోటిలో ఆడపిల్ల పుట్టింది. మొగుడూ పెళ్ళాం మనవరాలిని చూడటానికి వెళ్ళారు. ప్రేమయ్య అక్కడ కూడా, పొత్తిళ్ళలో బిడ్డను ఎత్తుకుని, "జిమ్మిని దగ్గరికి రానిస్తాండారు కదా?" అని అడిగాడు. వారం పూర్తి కాకుండానే ఊరిమీద బెంగతో తిరుగు బస్సు ఎక్కాడు.

బస్సు దిగుతూనే వీరభద్ర ఎదురొచ్చాడు. "అన్నా, కొంప మునిగింది. మోతి గడ్డిలో జింకపిల్లను పట్టింది. ఇంకో వాచరు ఫోన్లో వీడియో తీసి పైకి పంపించినాడు. మీ రేంజరు దేవేంద్రప్ప సారు బోను జీపుతో బయలుదేరినాడంట. కుక్కను కర్నూలుకు తీసకపోతారు."

ప్రేమయ్య సంచి కింద పడేశాడు. "జింకపిల్ల?"

"బతికిందన్నా. తొడ చీరింది. డాక్టరమ్మ కుట్లేసింది."

"మేయ్ కృపా" అన్నాడు ప్రేమయ్య. "బిరీన పోయి సంగటి కెలుకు. ఊరుబిండి నూరు. నువ్వే తీసకపోయి ఇయ్యి. నేను జీపుకు అడ్డం పోతా."

"జింకను కరిచిన కుక్కకు ఊరుబిండి నూరాల్నా? ఈ మనిషికి..."

"తిట్టుకుంటా నూరు. నూరడం మాత్రం ఆపాకు."

కృపమణి తిట్టుకుంటూనే నూరింది. గిన్నె కొంగు కింద పెట్టుకుని, తిట్లు ఇంకా నోట్లో ఉండగానే సుంకులమ్మ గడపలో కాలు పెట్టింది. మోతి మూల ముడుచుకుని పడుకుని ఉంది. పక్కన సుంకులమ్మ, దాని మెడ చుట్టూ చెయ్యి వేసుకుని. ఇద్దరికీ డొక్కలు లోపలికి పోయి ఉన్నాయి.

"మోతికి తెచ్చినా అవ్వా."

"ఆడ పెట్టు తల్లీ. వేడిగా ఉండాదేమో. కుక్క నోరు కాలుతాది" అంది సుంకులమ్మ. చెయ్యి వణుకుతోంది. మణికట్టు మీద వేడినీళ్ళు పడి మానిన మచ్చ. ముద్దలోంచి కాస్త తుంచి, ఊరుబిండి అద్దుకుని, నోట్లో వేసుకుంది. "ఊఁ. ఇంకా వేడే." ఇంకొంచెం తుంచింది. "ఈ పక్క చల్లారింది. ఆ పక్క చూడల్ల." ఆ పక్కా చూసింది. మధ్యలో కూడా చూసింది. ముద్ద సగమయ్యాక, "ఇప్పుడు చాలు, తింటాది" అని మిగతాది మోతి ముందుకు తోసింది.

కృపమణి చూపు తిప్పుకుంది. తిప్పుకున్న చూపు పొయ్యి మీద పడింది. పొయ్యిలో బూడిద మీద కోడిపెట్ట కూర్చుని ఉంది.

"అవ్వా, పొయ్యిలో కోడి..."

"చలికి పండుకునింది లే. వంటపొద్దుకు లేస్తాది."

కోడి కింద నుంచి సన్నగా ‘కిచ్’మని వినిపించింది. గుడ్డు పగులుతోంది. కోడిపెట్ట పొదిగి పిల్లలను లేపేంత కాలంగా ఆ పొయ్యిలో అగ్గి పడలేదు. కృపమణికి ఒక్కసారిగా బకెట్టు అన్నం కళ్ళ ముందు కదిలింది. ఇన్నేళ్ళుగా మొగుడు గడపగడపకూ తిరిగి అడిగిందేమిటో తెలిసింది. మా పొయ్యి వెలగలేదని ఏ ఇల్లూ చెప్పదు. కుక్క తినలేదని మాత్రం ఎవరైనా చెబుతారు.

బయట జీపు ఆగింది. దేవేంద్రప్ప దిగాడు, వెనక డాక్టరమ్మ శిరీన్, వాళ్ళ వెనక బతిమాలుతూ ప్రేమయ్య. ఒక ఉద్యోగి కొత్త తాడు తెచ్చి మోతి మెడకు వేసి వాకిట్లోకి లాగాడు. సుంకులమ్మ ఏడవలేదు. తాడు రెండో కొస పట్టుకుని నిలబడింది, అంతే.

"ఏమవ్వా, కుక్కకు వేళకు ఇంత పెడితే అది జింకల మీదికి ఎందుకు పోతుంది?" అన్నాడు దేవేంద్రప్ప. "ఇంట్లో వండుతున్నావా, లేదా? ఏదీ, చూడనీ." గడప వైపు నడిచాడు.

కృపమణి వాకిలికి అడ్డంగా నిలబడింది. లోపల కోడిపిల్ల మళ్ళీ కూసింది. ఆమె గట్టిగా దగ్గింది.

"అవ్వ పెట్టదు సార్. ఈ కుక్కకు నేను పెడతా."

"నువ్వెవరు?"

"ప్రేమయ్య పెండ్లాన్ని. నేను పెట్టుకుంటానని అవ్వను అడిగి తీసుకున్నా. కాన్పుకని రాయచోటికి పోయింటి, అందుకే పస్తు పడింది. ఇంక పోను. రెండు పూటలా పెడతా, మూడు పూటలా అయినా పెడతా. జింకలు పిల్లలు పెట్టే కాలంలో కట్టేసి పెడతా. ఈ కుక్క మళ్ళా గడ్డిలో కనబడితే దీంతోపాటు నన్ను కూడా బోనులో ఎక్కించుకోండి."

వాకిట్లో అందరూ ఆమె వైపు చూశారు.

"ఏమప్పా ప్రేమయ్యా, కుక్కల పిచ్చి నీకొక్కడికే అనుకుంటి. ఇంటిల్లిపాదికీ అంటుకుందే" అన్నాడు దేవేంద్రప్ప. డాక్టరమ్మ వైపు తిరిగాడు. "మీరేమంటారు?"

"కడుపు నిండితే కుక్క ఇంత దూరం పోదు సార్. సూదులన్నీ పడ్డాయి. కట్టేసి, వేళకు పెట్టేవాళ్ళుంటే ఇక్కడే ఉండనివ్వచ్చు."

"ఇదే ఆఖరుసారి" అన్నాడాయన.

సుంకులమ్మ తాడు కొస వదల్లేదు. కృపమణిని తల నుంచి కాళ్ళ దాకా ఒకసారి చూసింది. ఈ పిల్లకు ఎంతవరకు తెలిసిందోనని ఆ చూపు వెతికింది. కృపమణి ముఖంలో ఏమీ దొరకనివ్వలేదు. ముసలమ్మ గడ్డం కాస్త పైకెత్తింది.

"పెడతానంటాండావు, బాగనే ఉండాది. మోతికి రోజూ సంగటి పడదు తల్లీ. రొట్టె కావల్ల. రొట్టె మెత్తగా కాల్చల్ల. దానికి నోట్లో పండ్లు లేవు."

ఆ మాట అయిందో లేదో, మోతి మెడ తిప్పి కొత్త తాడును కోరల మధ్య పట్టి ఒక్క కొరుకు కొరికింది. తాడు రెండు ముక్కలై ఉద్యోగి చేతిలో వేలాడింది. దేవేంద్రప్ప తాడును చూశాడు. తెల్లగా మెరుస్తున్న కుక్క పళ్ళను చూశాడు. డాక్టరమ్మను చూశాడు.

డాక్టరమ్మ శిరీన్ ముఖంలో చిన్న గీత కూడా కదల్లేదు. "అవును సార్. నమలలేదు పాపం. మెత్తగానే పెట్టాలి."

ఇంటికి వెళ్ళే దారిలో కృపమణి, "నాకు ముందే చెప్పకూడదా?" అంది.

"చెప్తే నీకు తెలుస్తాది. తెలిస్తే అవ్వను చూసే చూపు మారుతాది. ఆ చూపు కనపడితే అవ్వ గిన్నె ముట్టదు."

"అయితే జింకలు, నక్కలు అని చెప్పిందంతా అబద్ధమేనా?"

"అబద్ధమెందుకైతాది?" ప్రేమయ్య నొచ్చుకున్నాడు. "అవ్వ తింటే కుక్క తింటాది. కుక్క తింటే జింక బతుకుతాది. నా డ్యూటీ నేను చేస్తాండా."

ఇప్పుడు ఆయన లేడు. కృపమణి వేడినీళ్ళతో జొన్నపిండి కలిపి, చేత్తో తట్టి, నోట్లో వేసుకుంటే కరిగే రొట్టెలు చేసి రెండు పూటలా ఊరి చివరకు తీసుకెళుతుంది. సుంకులమ్మ ఇంకా గట్టిగానే ఉంది. వంకలు పెట్టడం మానలేదు. మొన్న ఎండాకాలం గిన్నె తిరిగిస్తూ, ఎటో చూస్తూ, మోతికి రెండు దినాల నుంచి మామిడికాయ పప్పు మీద మనసు పోతాందని చెప్పింది. కృపమణి ఆ ఎండలోనే కోయిలకుంట్ల బస్సు ఎక్కి, పుల్లటి మామిడికాయలు ఏరి మరీ తెచ్చింది.